బేబ్ దాచలేదు

మలద్వారం తీసేసి, పొట్ట మీద మలానికి వేరే దారి పెట్టాలని చెప్పినప్పుడు చాలామంది రోగులు మొదట అడిగేది ఎన్నాళ్లు బతుకుతామని కాదు, నలుగురిలోకి ఎలా వెళ్లాలని. ఈ ప్రశ్నకు 70 ఏళ్ల కిందటే అమెరికాలో ఒక మహిళ వేలమంది చూస్తుండగా మైదానంలో జవాబు చెప్పింది. ఆమె బేబ్ డిడ్రిక్‌సన్ జహారియాస్. ఒలింపిక్ విజేత, గోల్ఫ్ చాంపియన్. శాశ్వత కొలాస్టమీతో ఆడింది, గెలిచింది, ఆ సంగతి దాచకుండా చెప్పింది. ఇవాళ ఓస్టమీ సంఘాలు ఊరూరా చేసే పని ఏమిటో అర్థం కావాలంటే ఆమె జీవితం తెలుసుకోవాలి.

బస్తాలు కుట్టిన చేతులు

బేబ్ అసలు పేరు మిల్‌డ్రెడ్ ఎల్లా. 1911 జూన్ 26న టెక్సస్ రాష్ట్రంలోని పోర్ట్ ఆర్థర్‌లో పుట్టింది. తల్లిదండ్రులు నార్వే నుంచి వలస వచ్చినవారు. ఏడుగురు పిల్లల్లో ఈమె ఆరో సంతానం. తండ్రి వడ్రంగి. తర్వాత కుటుంబం దగ్గర్లోని బ్యూమాంట్‌కు మారింది. డబ్బుకు ఎప్పుడూ కటకటే. స్కూలు అయ్యాక బేబ్ ఒక ఫ్యాక్టరీలో బంగాళదుంపల బస్తాలు కుట్టి నాలుగు డబ్బులు ఇంటికి తెచ్చేది. తండ్రి మాత్రం పెరట్లోనే పిల్లలకు వ్యాయామశాల లాంటిది తయారుచేసి పెట్టాడు. ఇరుగుపొరుగు ఇళ్ల మొక్కల కంచెల మీదుగా దూకుతూ ఆమె హర్డిల్స్ నేర్చుకుంది. మగపిల్లలతో బేస్‌బాల్ ఆడుతూ బంతిని దూరంగా బాదేది. అప్పటి ప్రసిద్ధ ఆటగాడు బేబ్ రూత్ పేరు మీద తననూ బేబ్ అని పిలవడం మొదలుపెట్టారని ఆమె చెప్పుకునేది.

హైస్కూల్లో బాస్కెట్‌బాల్ ఆట చూసి డాలస్‌లోని ఒక బీమా కంపెనీ ఆమెకు ఉద్యోగం ఇచ్చింది. పేరుకు ఆఫీసు పని, అసలు పని కంపెనీ జట్టుకు ఆడటం.

ఒక్కతే ఒక జట్టు

1932లో ఇలినాయ్‌లోని ఇవాన్‌స్టన్‌లో అమెరికా జాతీయ అథ్లెటిక్ పోటీలు జరిగాయి. మిగతా సంస్థలు పదులకొద్దీ క్రీడాకారిణులను పంపితే డాలస్ కంపెనీ తరఫున వచ్చింది బేబ్ ఒక్కతే. ఆమె 8 అంశాల్లో పాల్గొని 30 పాయింట్లు తెచ్చింది. రెండో స్థానంలో నిలిచిన జట్టులో 22 మంది ఉన్నారు, వారికి వచ్చినవి 22 పాయింట్లు. టీమ్ ట్రోఫీని ఆమె ఒంటరిగా పట్టుకెళ్లింది.

అదే ఏడాది లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లను మూడు అంశాలకు మించి అనుమతించలేదు. ఆ మూడింటిలోనూ బేబ్ పతకాలు గెలిచింది. జావెలిన్‌లో స్వర్ణం, 80 మీటర్ల హర్డిల్స్‌లో ప్రపంచ రికార్డుతో స్వర్ణం, హైజంప్‌లో రజతం. పరుగు, విసురు, దూకుడు మూడింటిలోనూ విడివిడిగా ఒలింపిక్ పతకాలు తెచ్చుకున్న క్రీడాకారులు మరొకరు లేరు.

ఆ పొగడ్తలతోపాటే ఎత్తిపొడుపులూ వచ్చాయి. కండలున్న ఈ అమ్మాయి అసలు ఆడపిల్లేనా అని పత్రికల్లో రాసినవారున్నారు. తన శరీరం గురించి ఊరంతా మాట్లాడుకోవడం ఆమెకు 21వ ఏటే అలవాటైంది. ఇరవై ఏళ్ల తర్వాత ఆ శరీరం మళ్లీ వార్తలకెక్కినప్పుడు ఆమె వెనకడుగు వేయకపోవడానికి ఈ అనుభవం కూడా ఒక కారణమై ఉంటుంది.

గోల్ఫ్‌లో రాణి

తర్వాత ఆమె మనసు గోల్ఫ్ మీదికి మళ్లింది. చేతులు బొబ్బలెక్కేదాకా గంటల తరబడి బంతులు కొట్టి ఆట నేర్చుకుంది. 1938 డిసెంబరులో జార్జ్ జహారియాస్ అనే ప్రొఫెషనల్ కుస్తీ వీరుణ్ని పెళ్లాడింది. 1946లో అమెరికా మహిళా అమెచ్యూర్ టైటిల్, 1947లో స్కాట్లాండ్‌లోని గలన్‌లో బ్రిటిష్ మహిళా అమెచ్యూర్ టైటిల్ గెలిచింది. ఆ బ్రిటిష్ టైటిల్ అందుకున్న తొలి అమెరికన్ ఆమే. 1948లో, 1950లో యూఎస్ ఉమెన్స్ ఓపెన్ గెలిచింది. 1950లో 13 మంది క్రీడాకారిణులు కలిసి మహిళా ప్రొఫెషనల్ గోల్ఫ్ సంఘాన్ని స్థాపించారు. వారిలో బేబ్ ఒకరు. ఒంటరిగా కొట్లాడితే జరగనిది పదిమంది కలిస్తే జరుగుతుందని అప్పటికే ఆమెకు తెలుసు.

1953 ఏప్రిల్

1952లో ఆమెకు హెర్నియా ఆపరేషన్ అయింది. కోలుకున్నా అలసట పూర్తిగా వదల్లేదు. 1953 ఏప్రిల్ మొదట్లో సొంత ఊరు బ్యూమాంట్‌లో తన పేరిట జరిగిన టోర్నమెంటునే గెలిచింది. ఆ కొద్ది రోజులకే డాక్టర్ దగ్గరికి వెళ్లింది. పరీక్షల్లో తేలింది పురీషనాళంలో క్యాన్సర్. పురీషనాళం అంటే పెద్దపేగు చివర, మలద్వారానికి పైన ఉండే భాగం. అప్పటికి ఆమె వయసు 41.

ఏప్రిల్ 17న బ్యూమాంట్‌లోనే పెద్ద ఆపరేషన్ చేశారు. కణితి మలద్వారానికి దగ్గరగా ఉంటే పురీషనాళాన్ని, మలద్వారాన్ని, వాటితోపాటు మలాన్ని ఆపి ఉంచే కండరాలను కూడా తీసేయాల్సి వస్తుంది. లండన్ సర్జన్ ఎర్నెస్ట్ మైల్స్ 1908లో వివరించిన పద్ధతి ఇది. మిగిలిన పెద్దపేగు కొనను పొట్ట గోడలోంచి బయటికి తెచ్చి, సాధారణంగా ఎడమవైపు కింద, చర్మానికి కుడతారు. ఇదే కొలాస్టమీ. బయట కనిపించే ఎర్రటి, తడిగా ఉండే పేగు కొనను స్టోమా అంటారు. గ్రీకులో ఆ మాటకు నోరు అని అర్థం. దానికి నొప్పి తెలియదు. కండరం పట్టు లేదు కాబట్టి మలం ఎప్పుడు రావాలన్నది మనిషి చేతిలో ఉండదు. మలద్వారమే తీసేస్తే ఈ దారి శాశ్వతం.

ఇప్పటిలా చర్మానికి చక్కగా అతుక్కునే సంచులు అప్పుడు లేవు. రోజూ స్టోమా ద్వారా నీళ్లు ఎక్కించి పేగును కడిగి, మిగతా సమయమంతా దాన్ని గుడ్డతో కప్పి ఉంచుకోవడమే అప్పటి ప్రధాన మార్గం. అందుకు చాలా సమయం, ఓపిక కావాలి. తోడు మనిషి కూడా కావాలి. బేబ్‌కు ఆ తోడు బెట్టీ డాడ్. బేబ్ కంటే బాగా చిన్నది, తనూ గోల్ఫ్ క్రీడాకారిణే. ఆస్పత్రిలో బేబ్ పక్కనే ఉండి, తర్వాత ఇంట్లో స్టోమా సంరక్షణ బాధ్యత ఎక్కువగా ఆమే తీసుకుంది.

ఆమెకు చెప్పని మాట

ఆపరేషన్‌లో మరో సంగతి బయటపడింది. క్యాన్సర్ అప్పటికే లింఫ్ గ్రంథులకు పాకింది. అంటే మళ్లీ తిరగబెట్టే అవకాశం ఎక్కువ. ఈ విషయం జార్జ్‌కు, బెట్టీకి తెలుసు. బేబ్‌కు మాత్రం చెప్పలేదు. ఆ రోజుల్లో అమెరికాలో కూడా రోగికి క్యాన్సర్ సంగతి పూర్తిగా చెప్పకపోవడం మామూలే. తెలిస్తే కుంగిపోతుందని ఇంటివాళ్లు అనుకున్నారు.

మన ఇళ్లలో ఈ మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంటుంది. నాన్నకు చెప్పకండి డాక్టర్‌గారూ, అమ్మ తట్టుకోలేదు అని తలుపు చాటుగా అడిగేవారు ప్రతి ప్రభుత్వాసుపత్రిలోనూ కనిపిస్తారు. అది ప్రేమతోనే అడుగుతారు. కానీ స్టోమా పెట్టాక రోగి సాయం లేకుండా ఏ సంరక్షణా సాగదు. ఎందుకు పెట్టారో, ఎంతకాలం ఉంటుందో, ఏం జాగ్రత్త పడాలో, ఎప్పుడెప్పుడు పరీక్షలకు రావాలో ముందుగా తెలియాల్సింది ఆ మనిషికే. బేబ్‌కు తన జబ్బు పేరు తెలుసు, ఆపరేషన్ తెలుసు, స్టోమా తెలుసు. తెలిసిన మేరకు ఆమె ఎక్కడా కుంగిపోలేదు. తెలియనిచ్చి ఉంటే మిగతాదీ మోసేదేమో. ఆ అవకాశం మాత్రం ఆమెకు ఇవ్వలేదు.

మూడున్నర నెలలకే మైదానంలోకి

బేబ్ ఇక పోటీ స్థాయిలో గోల్ఫ్ ఆడలేదని పత్రికలు రాసేశాయి. ఆమె మాత్రం ఆస్పత్రి గదిలో ఓ మూల తన గోల్ఫ్ కర్రలు పెట్టించుకుంది. మంచం మీద నుంచి అవి కనబడుతూ ఉండాలని.

జులై ఆఖర్లో, ఆపరేషన్ జరిగిన మూడున్నర నెలలకు, షికాగో దగ్గర టామ్ ఓషాంటర్ టోర్నమెంటులో దిగింది. ఏ అవసరం వచ్చినా పక్కన ఉండేలా బెట్టీని ఆమెతో కలిపి ఆడనిచ్చారు. మొదటి రోజులు కష్టంగానే గడిచాయి. ఒక రౌండులో బంతి ఎటు కొట్టినా గతి తప్పుతుంటే కూర్చుని ఏడ్చేసింది. ఇక చాలు, మానేద్దామని వెంట ఉన్నవాళ్లు నచ్చజెప్పినా ఒప్పుకోలేదు. లేచి ఆట పూర్తిచేసింది. ఆ టోర్నమెంటులో 15వ స్థానం వచ్చింది. వెంటనే అక్కడే జరిగిన మరో పోటీలో మూడో స్థానం. ధీర వనితల కథల్లో ఆ కన్నీటిని వదిలేయడం ఆనవాయితీ. కానీ కొత్తగా స్టోమాతో ఇంటికి వెళ్లినవారికి 15వ స్థానం, ఆ ఏడుపు రెండూ తెలియడం మంచిది. మొదటి నెలలు ఎవరికైనా అంతే.

12 స్ట్రోకుల గెలుపు

1954 జులై. మసాచుసెట్స్ రాష్ట్రం పీబాడీలోని సేలం కంట్రీ క్లబ్బులో యూఎస్ ఉమెన్స్ ఓపెన్. గోల్ఫ్‌లో బంతిని ఎంత తక్కువ దెబ్బల్లో గుంటలోకి పంపితే అంత గొప్ప. ఆ దెబ్బలనే స్ట్రోకులు అంటారు. చివరి రోజు ఒక్కనాడే 36 గుంటలు ఆడాలి. అంటే ఎండలో దాదాపు రోజంతా నడక. ఆరోగ్యంగా ఉన్నవారే అలసిపోయే ఆ పోటీలో 43 ఏళ్ల బేబ్ 291 స్ట్రోకులతో ముగించింది. రెండో స్థానంలో నిలిచిన క్రీడాకారిణికి 303. తేడా 12 స్ట్రోకులు. అంత పెద్ద పోటీలో ఒకటి రెండు స్ట్రోకుల తేడాతో గెలవడమే ఎక్కువ. ఆ ఏడాది ఆమె మొత్తం 5 టోర్నమెంట్లు గెలిచింది. అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ ఆమెను ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది, ఆరోసారి.

మైదానంలో గెలుపు ఒక ఎత్తు, బయట ఆమె చేసిన పని మరో ఎత్తు. క్యాన్సర్ అన్న మాటనే గొంతు తగ్గించి పలికే రోజులవి. ఇక మలం, మలద్వారం, పొట్ట మీద రంధ్రం గురించి ఎవరు మాట్లాడతారు? బేబ్ మాట్లాడింది. 1954లో క్యాన్సర్ నివారణకు నిధులు సేకరించే ఉద్యమంలో పాల్గొని వైట్‌హౌస్‌లో అధ్యక్షుడు ఐసన్‌హోవర్‌ను కలిసింది. ఆస్పత్రుల్లో రోగులను పలకరించింది. ఆమెకు ఉత్తరాలు వెల్లువెత్తాయి. 1955లో వచ్చిన ఆత్మకథలో ఆపరేషన్ గురించి, కొలాస్టమీ గురించి దాచకుండా చెప్పింది. అదే ఏడాది భర్తతో కలిసి క్యాన్సర్ కోసం తన పేరిట ఒక నిధిని ప్రారంభించింది.

చివరి ఆట

1955లో నడుము నొప్పి మొదలైంది. వెన్నుపూసల మధ్య డిస్కు జారిందని ఆపరేషన్ చేశారు. నొప్పి తగ్గలేదు. కొన్ని వారాల తర్వాత అసలు కారణం తెలిసింది. క్యాన్సర్ నడుము కింది ఎముకకు చేరింది. ఈసారి ఆమెకు చెప్పారు. గాల్వెస్టన్‌లోని జాన్ సీలీ ఆస్పత్రిలో చికిత్స సాగింది. 1956 సెప్టెంబరు 27న అక్కడే కన్నుమూసింది. అప్పటికి 45 ఏళ్లు. ఆ రోజు ఐసన్‌హోవర్ తన విలేకరుల సమావేశాన్ని ఆమెకు నివాళితోనే ప్రారంభించాడు. 2021లో అమెరికా ప్రభుత్వం ఆమెకు మరణానంతరం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడం ఇచ్చింది.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. బేబ్ ప్రాణం తీసింది కొలాస్టమీ కాదు, ఆపరేషన్ నాటికే పాకిన క్యాన్సర్. కొలాస్టమీ ఆమెకు మూడేళ్లకు పైగా జీవితం ఇచ్చింది, అందులో ఒక యూఎస్ ఓపెన్ కూడా ఉంది. క్యాన్సర్ పాకక ముందే దొరికిన రోగులు స్టోమాతో దశాబ్దాలు బతుకుతారు.

ఒకరి నుంచి పదిమందికి

బేబ్‌కు పేరుంది, డబ్బుంది, భర్త ఉన్నాడు, బెట్టీ ఉంది. ఇవేవీ లేని మామూలు రోగి మాటేమిటి? ఆ ప్రశ్నకు జవాబుగా పుట్టినవే ఓస్టమీ సంఘాలు.

బేబ్ ఆట కొనసాగిస్తున్న రోజుల్లోనే న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆస్పత్రిలో స్టోమా ఉన్న రోగులు ఒకచోట కూడటం మొదలుపెట్టారు. వారున్న వార్డుల పేర్లు క్యూ, టీ. ఆ రెండక్షరాలే సంఘం పేరయ్యాయి. డాక్టర్లకు తెలియని చిట్కాలు, నర్సులను అడగలేని సందేహాలు వారు ఒకరితో ఒకరు పంచుకున్నారు. ఇలాంటి బృందాలు ఇతర నగరాల్లోనూ పుట్టి, 1962లో యునైటెడ్ ఓస్టమీ అసోసియేషన్‌గా ఏకమయ్యాయి. 1970ల్లో అంతర్జాతీయ సంఘం ఏర్పడింది.

బేబ్ ఓపెన్ గెలిచిన 1954వ సంవత్సరమే ఈ కథలో మరో రెండు మలుపులు తెచ్చింది. డెన్మార్క్‌లో ఎలీస్ సోరెన్‌సెన్ అనే నర్సు, స్టోమా వచ్చాక గడప దాటడానికి భయపడుతున్న తన చెల్లెలి కోసం, చర్మానికి అంటుకుని వాడి పారేసే సంచిని ఆలోచించింది. ఇవాళ్టి బ్యాగులకు మూలం అదే. ఇక ఒహాయోకు చెందిన నార్మా గిల్‌కు క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో సర్జన్ రూపర్ట్ టర్న్‌బుల్ ఆ ఏడాదే స్టోమా ఆపరేషన్ చేశారు. కోలుకున్నాక ఆమె తనలాంటి రోగులకు సాయం చేయడం మొదలుపెట్టింది. అది చూసి టర్న్‌బుల్ 1958లో ఆమెను అదే పనికి ఆస్పత్రిలో నియమించారు. 1961లో ఇద్దరూ కలిసి స్టోమా సంరక్షణ నేర్పే శిక్షణ ప్రారంభించారు. ఇవాళ ప్రపంచంలో ఉన్న స్టోమా నర్సుల వృత్తి ఒక రోగి నుంచే మొదలైంది.

ఈ సంఘాలన్నిటి గుండెకాయ ఒక్కటే పని, పలకరింపు. స్టోమాతో మామూలుగా బతుకుతున్న మనిషి, కొత్తగా ఆపరేషన్ అయిన మనిషి మంచం పక్కకు వచ్చి కూర్చోవడం. వీలైనంత వరకు అదే వయసు, అదే ఆపరేషన్, ఆడవారికి ఆడవారు, మగవారికి మగవారు. వచ్చినవారు చికిత్స చెప్పరు, అది డాక్టర్ల పని. సంచి ఎలా మార్చాలో చేసి చూపిస్తారు, అడిగిన దానికి దాచకుండా బదులిస్తారు. అన్నిటికంటే ముందు, మంచి బట్టలు కట్టుకుని బస్సులో వచ్చిన ఆ మనిషికీ స్టోమా ఉందని తెలియగానే రోగి కళ్లలో భయం సగం పోతుంది. డాక్టర్‌గా మేం అరగంట చెప్పినా రాని ధైర్యం అది. బేబ్ దేశం మొత్తానికి చేసిన పలకరింపును ఈ సంఘాలు ఒక్కో మంచానికి చేరుస్తున్నాయి.

మన ఇళ్లలో

మన దేశంలో ముంబయి కేంద్రంగా ఓస్టమీ అసోసియేషన్ ఆఫ్ ఇండియా దశాబ్దాలుగా పనిచేస్తోంది. తెలుగు రాష్ట్రాల్లో పెద్ద క్యాన్సర్ ఆస్పత్రుల్లో ఆపరేషన్ చేయించుకునేవారు స్టోమా నర్సు ఉన్నారా, రోగుల బృందం ఉందా అని ఆపరేషన్‌కు ముందే అడగండి. బృందం లేకపోతే, ఇప్పటికే స్టోమాతో ఉన్న రోగి ఎవరైనా మాట్లాడటానికి ఒప్పుకుంటారేమో కనుక్కోమని సర్జన్‌ను కోరండి. ఇద్దరు కలిస్తే అదే తొలి సంఘం.

మన ఇళ్లలో ప్రశ్నలు మనవే. పూజగదిలోకి వెళ్లవచ్చా? వంట చేయవచ్చా? మనవణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చా? చీర ఎక్కడ కట్టాలి? పెళ్లికి వెళ్తే వాసన వస్తుందా? భార్యాభర్తలు కలిసి ఉండవచ్చా? వైద్యపరంగా వీటిలో దేనికీ అడ్డు లేదు. సంచి సరిగా అతికితే వాసన బయటికి రాదు. స్టోమా చోటు ఆపరేషన్‌కు ముందే, మనిషిని కూర్చోబెట్టి, నిలబెట్టి, చీర ముడి, ప్యాంటు బెల్టు ఎక్కడ వస్తాయో చూసి గుర్తు పెట్టించుకుంటే బట్టల ఇబ్బందీ తగ్గుతుంది. సంచుల ఖర్చు మాత్రం నెలనెలా వచ్చేదే. దాన్ని ఇంటి బడ్జెట్‌లో మందులతో సమానంగా లెక్కేయండి. ఖర్చుకు భయపడి కారుతున్న సంచిని రోజుల తరబడి ఉంచితే చర్మం పుండవుతుంది. ఆ మనిషికి విడిగా కంచం, విడిగా గది పెట్టకండి. స్టోమా అంటువ్యాధి కాదు.

గుర్తుంచుకోండి

* మలంలో రక్తం కనిపిస్తే మొలలేనని మీకు మీరే తేల్చుకోవద్దు. మల విసర్జన అలవాటు కొన్ని వారాలుగా మారినా, కారణం లేకుండా రక్తహీనత, అలసట, బరువు తగ్గడం ఉన్నా డాక్టర్‌కు చూపించుకోండి.
* ఇప్పుడు రేడియేషన్, కీమోథెరపీ, కొత్త ఆపరేషన్ పద్ధతులతో చాలామందికి మలద్వారాన్ని కాపాడగలుగుతున్నారు. స్టోమా పెట్టాల్సి వస్తే అది తాత్కాలికమా, శాశ్వతమా అని అడిగి తెలుసుకోండి.
* ఆరోగ్యంగా ఉన్న స్టోమా ఎర్రగా, తడిగా ఉంటుంది. నీలంగా, నల్లగా మారినా, ఆగకుండా రక్తం వచ్చినా, కడుపునొప్పి, వాంతులతోపాటు మలం రావడం ఆగిపోయినా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.
* స్టోమా ద్వారా నీళ్లతో పేగు కడగడం అందరికీ పనికిరాదు. డాక్టర్ లేదా స్టోమా నర్సు నేర్పకుండా సొంతంగా ప్రయత్నించవద్దు.
* ఉల్లి, వెల్లుల్లి, క్యాబేజీ, గుడ్డు కొందరిలో గ్యాస్, వాసన పెంచుతాయి. ఏది పడుతుందో ఒక్కొక్కటిగా తిని చూసుకోండి. పథ్యం పేరుతో అన్నీ మానేయకండి.
* కోలుకున్నాక నడక, ఉద్యోగం, ప్రయాణం అన్నీ చేయవచ్చు. బరువులు ఎత్తడం, ఆటలు మళ్లీ మొదలుపెట్టడం మాత్రం సర్జన్‌ను అడిగి చేయండి. స్టోమా పక్కన హెర్నియా వచ్చే అవకాశం ఉంటుంది.
* మీకు స్టోమా ఉండి, దానితో ఏడాది గడిచిందా? అయితే కొత్తగా ఆపరేషన్ అయిన ఒకరిని పలకరించండి. వారికి మీరే బేబ్.